హద్దు మీద పాదు

మా అపార్టుమెంటు మేడ మీద ఒకమ్మాయి సంచుల్లో మట్టి నింపి కూరగాయలు పెంచుతోంది. మొన్న ఆదివారం నన్ను పైకి తీసుకెళ్లి ఒక్కొక్కటే చూపించింది. టమాటాలను, వంకాయలను చూపుడువేలితోనే చూపించింది గాని, గుమ్మడితీగ దగ్గరికి వచ్చేసరికి వేలు లోపలికి ముడిచేసి, పిడికిలితో "అదిగో ఆంటీ, పిందె" అంది. పిందెకు వేలు చూపిస్తే కుళ్లి రాలిపోతుందని మా వైపు అనుకుంటారు. కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్లకు ఇది ఎవరు నేర్పారా అని అడిగాను. "ఎవరూ నేర్పలేదండీ. మా అమ్మమ్మ అలాగే చూపించేది" అంది.

నాకు మా పెద్దత్తగారు గుర్తుకొచ్చారు. ఆవిడ పోయి నలభై ఏళ్లు దాటాయి.

పెద్దత్తగారంటే మా మామగారి అన్నగారి భార్య. డెబ్బై ఒకటి మే నెలలో నేను వినగడప నుంచి తిరువూరు కాపరానికి వచ్చాను. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు. వెనకాల ఇద్దరికీ కలిపి ఒకటే పెరడు, అరెకరానికి నాలుగు సెంట్లు తక్కువ. బావి కూడా ఒకటే. ఆ పెరడంతా పెద్దత్తగారిది. కాగితం మీద కాదు, చేతి మీద. మా ఇంట్లో పొయ్యి మీద ఏ కూర ఉడకాలో ముందురోజు సాయంత్రం ఆవిడే నిర్ణయించేవారు. బుట్టలో బీరకాయలొస్తే బీరకాయ, కాకరకాయలొస్తే కాకరకాయ. మా అత్తగారు ఎదురు చెప్పగా నేను వినలేదు.

ఆషాఢం పుట్టింట్లో గడిపి, శ్రావణంలో మళ్లీ వచ్చిన రోజుల్లో ఒక పొద్దున ఒక్కదాన్నే పెరట్లోకి వెళ్లాను. గుమ్మడితీగ నిండా పిందెలు. ఏది కనపడినా లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. వేలు పెట్టి లెక్కపెట్టి, "పదకొండున్నాయి అత్తయ్యగారూ" అని సంతోషంగా కేకేశాను.

ఆవిడ వంగమడిలోంచి లేచి వచ్చి, నా చూపుడువేలు పట్టుకుని, మడిచి, నా అరచేతిలోనే పెట్టి మూసేశారు.

"దేవుడు వేలిచ్చాడు కదా అని చూపించడమేనా? పైగా లెక్కొకటి! ఇంక అవి నిలిచినట్టే."

నాలుగు రోజులకు అయిదు పిందెలు రాలిపోయాయి. వాటిని ఆవిడ మా వంటింటి గడప మీద వరసగా పేర్చి వెళ్లారు. నేను ఊరుకోలేదు. "రెండు రోజులు ముసురు పట్టింది కదండీ. పువ్వులో నీళ్లు నిలిస్తే పిందె రాలిపోతుందని మా నాన్నగారు చెప్పేవారు" అన్నాను.

"వాన నా మీదా పడింది. నేను రాలానా?" అన్నారు.

ఈ విషయంలో నేను ఇప్పటికీ వాన పక్షమే.

ఆవిడ పొట్టి మనిషి. నేతచీర కుచ్చెళ్లు ఎగదోపి, తలకు తువ్వాలు చుట్టుకుని, గొంతుకూర్చుని ఒక మడి ఈ చివర మొదలుపెడితే ఆ చివరిదాకా లేవకుండా అలాగే జరుగుతూ పోయేవారు. కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం కత్తిరించేవారు కాదు. కొత్తిమీర గిల్లడానికీ, బెండకాయ కొస తుంచి లేతదో ముదురుదో చూడడానికీ అదే ఆవిడ కత్తి. తుంచిన కొసను అక్కడే నోట్లో వేసుకునేవారు.

రోహిణికార్తెలో జనం అరుగులు దిగడానికి భయపడే ఎండలో ఆవిడ పెరటి పని మొదలయ్యేది. పాలేరు ఒకసారి దున్ని, చెరువుమట్టి బండ్లతో తోలి పోసేవాడు. అక్కడితో అతని పని సరి. ఆ తరవాత మట్టిగడ్డలు చిదపడం మొత్తం ఆవిడదే. "కళ్లు కనపడనోడు నడిచినా కాలికి గడ్డ తగలకూడదు" అనేవారు. మోకాటి లోతు గోతులు తీయించి, అడుగున ఎండుటాకులు, పైన మాగిన పశువుల ఎరువు, ఆ పైన పొయ్యిలో బూడిద వేసి, పాదుకు మూడేసి గింజలు పెట్టేవారు. మొదటి ఏడాది నేను పక్కనే కూర్చుని మూడెందుకని అడిగాను.

"ఒకటి చీమకి, ఒకటి మీ పెద్దమామకి, ఒకటి నాకు."

"మూడూ మొలిస్తేనో?"

"మూడోది మీ ఇంటికి. చీమకి నేను సర్దిచెబుతాలే."

పొట్లకాయలు వంకర తిరగకుండా కొసకు రాళ్లు కట్టేవారు. ఆ రాళ్లు కూడా ఆవిడ ఏరుకున్నవే అయి ఉండాలి, మరొకరు తెస్తే బరువు తేడా అనేవారు. చిక్కుడుకు పేను పడితే తెల్లవారి మంచు ఆరకముందే బూడిద చల్లేవారు. బొప్పాయి చెట్టు పూత రాల్చేసి కాయకపోతే దానికి పాత చెప్పు కట్టారు ఒకసారి. సిగ్గుపడి కాస్తుందట. ఆ చెప్పు పెద్దమామగారిది, పాతది కూడా కాదు. ఆయన బజారుకు వెళ్దామని ఒంటి చెప్పుతో వీధంతా వెతుక్కుంటుంటే ఈవిడ చెట్టు దగ్గరినుంచే, "కాసేదాకా ఇవ్వను. ఈలోగా నువ్వు ఇంటి పట్టున ఉంటే నష్టమేం లేదు" అన్నారు. చెట్టు కాసింది. సిగ్గుపడిందో, వయసే వచ్చిందో నాకు తెలియదు.

డెబ్బై మూడులో అన్నదమ్ములు విడిపోయారు. రెడ్డిగూడెం దగ్గర మామిడితోట కౌలు విషయంలో మొదలైంది తగాదా. ఎవరిది తప్పో ఇప్పుడు తేల్చబోవడం లేదు, ఇద్దరూ లేరు. పొలాలు, గొడ్లు, ఇత్తడి గుండిగలతో సహా పంచుకున్నారు. చివరికి పెరడు మిగిలింది. పెద్దమనుషులు వచ్చి నడిమికి తాడు లాగి హద్దురాళ్లు పాతారు. బావి మా వైపు పడింది. హద్దు మీద ఆరడుగుల గోడ కట్టాలి, గోడ లేచాక ఒకరి వైపు ఒకరు రాకూడదు, పెద్దమామగారు తన వైపు వేరే బావి తవ్వించుకోవాలి అని తీర్మానం. ఆ వైపు ఎక్కడ తవ్వినా రెండు నిలువుల్లో బండే తగులుతుందని ఊరంతటికీ తెలుసు. గోడంటూ లేస్తే పెద్దత్తగారి మళ్లకు నీళ్లుండవు. అంతే కాదు, తెల్లవారి బావి దగ్గర తోడికోడళ్లిద్దరూ బిందెలు పక్కన పెట్టుకుని చెప్పుకునే ముచ్చట్లూ ఉండవు. అన్నదమ్ములకు అప్పటికే మాటల్లేవు. మా మామగారికి ఏడేళ్లప్పుడు ఆ ఇంటికి కోడలుగా వచ్చి, అన్నం కలిపి ముద్దలు పెట్టిన మనిషి ఆవిడ. ఆయన్ని 'అబ్బాయ్' అనే పిలిచేవారు, ఆయనకు యాభై వచ్చాక కూడా.

తీర్మానం జరిగిన రోజు ఆవిడ పెద్దమనుషులకు మజ్జిగ ఇచ్చి, "కట్టుకోండి. హద్దు మీద నా బీరపాదు ఉంది. కాపవనివ్వండి" అన్నారు. అందరూ సరేనన్నారు. పిందె మీదున్న పాదును పీకేవాళ్లు మా వైపు ఎవరూ ఉండరు. కడుపుతో ఉన్న మనిషిని బయటికి గెంటినట్టు లెక్క.

మా మామగారు ఇటుకలు తోలించి హద్దు పక్కనే పేర్పించారు. బీర కాపయ్యేసరికి అదే పందిరి మీద చిక్కుడు పిందె వేసి ఉంది. తాపీమేస్త్రి కొలతాడు పట్టుకుని వచ్చి, పైకి చూసి, తాడు చుట్టేసుకున్నాడు. "ఇది అవనీయండి బాబూ. పిందెల మీద గునపం దింపితే నా పిల్లలకి మంచిది కాదు" అన్నాడు. పెద్దత్తగారు అతనికి చిక్కుడుకాయలు ఒడినిండా పోసి పంపారు. తరవాతి ఏడు ఇటుకల పేర్పు మీదికి గుమ్మడితీగ పాకింది. ఆవిడ పాకించారు అంటే సరిపోతుంది. గోడకని తెచ్చిన ఇటుకల మీద తొట్టెల్లో పిల్లల్లా గుమ్మడికాయలు పడుకుని ఉండేవి.

అందరూ దీన్ని పంటల తీరు అనుకున్నారు. నాకు అనుమానం వచ్చింది. నాకు తారీకులు, తిథులు గుర్తుంటాయి. బీర జ్యేష్ఠంలో పెడితే ఆశ్వయుజం దాకా కాస్తుంది. దాని మొదట్లోనే పెట్టిన చిక్కుడు కార్తీకంలో పిందెకు వచ్చి ఫాల్గుణం నడిమి దాకా ఉంటుంది. పుష్యంలో పెట్టిన సొర చైత్రం నడిమికి పిందె వేసి జ్యేష్ఠం దాకా లాగుతుంది. ఆ తరవాత వచ్చేది ఆషాఢం. ఆషాఢంలో ఎవరూ కొత్తగా కట్టడం మొదలుపెట్టరు. పెరడంతా వదిలేసి హద్దురాళ్ల పొడుగునే ఈ వరస ఎందుకు నడుస్తోందో అర్థమైంది. ఇంకొకటి కూడా అర్థమైంది. ఈ దండలో ఒకచోట దారం తెగి ఉంది. చిక్కుడు అయిపోయి, సొర ఇంకా పిందె వేయని ఆ నెల, ఫాల్గుణం నడిమి నుంచి చైత్రం నడిమి దాకా, హద్దు మీద ఏమీ ఉండదు. మొదటి ఏడు మేస్త్రికి వేరే పని ఉండి, రెండో ఏడు మూఢం వచ్చి ఆ నెల గడిచింది. మూడో ఏడు ఏ అడ్డూ కనపడలేదు. మా మామగారు కూడా ఆ నెల గమనించినట్టున్నారు. ఉగాది వెళ్లిన మూడో రోజు ముహూర్తం పెట్టించారు.

డెబ్బై ఆరు జనవరి. సంక్రాంతికి ముందే. బావి దగ్గర ఆవిడ ఒక్కరే ఉండగా వెళ్లి చెప్పాను.

"అత్తయ్యగారూ, మీ సొర ఉగాదికి పిందె వెయ్యదు. చిక్కుడు అప్పటికి ఎండిపోతుంది."

ఆవిడ చేద లాగడం ఆపలేదు. "ఎండితే ఎండుద్ది. చిక్కుడన్నాక ఎండదా?"

"మధ్యలో నెల రోజులు ఖాళీ వస్తుంది."

"మళ్లీ లెక్కలా? ఆ గుమ్మడి పిందెల గతి మర్చిపోయావా?"

"ఇవి పిందెలు కాదండీ, నెలలు. నెలల్ని లెక్కపెడితే రాలిపోవు."

చేద గట్టు మీద పెట్టి, మొదటిసారి నా మొహంలోకి చూశారు. నేను ఆ ఇంటి కోడల్ని, గోడ కట్టిస్తున్న ఇంటి కోడల్ని. అది కూడా ఆలోచించుకునే ఉంటారు.

"అయితే ఏం పెట్టమంటావు?" అన్నారు చివరికి.

"దొండ. దొండకి కాపు అయిపోవడమంటూ ఉండదు."

"నా దగ్గర దొండ లేదు. నా చేతికి అది రాదు. రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ కుళ్లింది."

ఈ మాట ఆవిడ నోట వస్తుందని నేను అనుకోలేదు. ఆ పెరట్లో దొండ ఎందుకు లేదో నాకు అప్పుడే తెలిసింది. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లి, వచ్చేటప్పుడు మా అమ్మ పాదులోంచి పెన్సిలంత లావు తీగముక్కలు నాలుగు తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆవిడ గొయ్యి తీశారు, నేను పాతాను. "నీ చెయ్యే పెట్టు. నాది తగలనివ్వను" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. గోడ అన్న మాట ఆవిడా అనలేదు, నేనూ అనలేదు.

ఉగాది వెళ్లిన మూడో రోజు మేస్త్రి ఇద్దరు కూలీలతో వచ్చాడు. సొరతీగ పిందె లేకుండా నున్నగా ఉంది. దొండ పందిరెక్కి తెల్లగా పూసింది. మేస్త్రి పందిరి కింద దూరి, చుట్టూ తిరిగి చూశాడు.

"పూతేనండి బాబూ. పిందె లేదు. పూతకి అడ్డం లేదు."

మా మామగారు గుమ్మంలోంచి దిగి వచ్చారు. పెద్దమామగారు వాళ్ల ఇంటి వెనక అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నారు, పేజీ మాత్రం తిప్పడం లేదు. పెద్దత్తగారు హద్దుకు అవతల తోటకూర మడిలో కలుపు తీస్తున్నారు. ఆ మడిలో కలుపు నిన్ననే తీశారు. నేను చూశాను.

"సరిగ్గా చూశావా?" అన్నారు మామగారు.

"చూశానండి."

"ఇలా జరుగు." ఆయన కళ్లజోడు పెట్టుకుని, పంచె పైకి దోపి, పందిరి కిందికి వంగారు. చాలాసేపు బయటికి రాలేదు. గునపాలు పట్టుకున్న కూలీలు ఎండలో నిలబడి ఉన్నారు. లోపల్నుంచి గొంతు వినపడింది.

"ఈ పువ్వు వెనకాల ఉన్నదేంటయ్యా?"

మేస్త్రి వంగి చూశాడు. "అది పువ్వు మొదలండి. బియ్యపు గింజంత కూడా లేదు."

"బియ్యపు గింజంత ఉంటే పిందె కాదా? పిందెకి కొలతలున్నాయా నీ దగ్గర?"

"అది కాదు బాబూ, మీరే కదా ముహూర్తం..."

"పిందె ఉంది. సామాను తీసుకెళ్లు."

మేస్త్రి తాడు చుట్టుకుంటూ, "మూడేళ్లుగా మీ ఇంటికి కూరగాయలకి వస్తున్నట్టుంది గాని పనికి వస్తున్నట్టు లేదు" అన్నాడు. అవతల మడిలోంచి పెద్దత్తగారు తల ఎత్తకుండానే, "ఒరేయ్, ఆ గోంగూర మడి తొక్కకుండా వెళ్లు. వెళ్తూ వంకాయలు పట్టుకెళ్లు" అన్నారు. మామగారు పందిరి కిందినుంచి బయటికి వచ్చి, తలమీద పడ్డ పూరేకులు దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంట్లోకి వెళ్లిపోయారు. పెద్దమామగారు అప్పుడు పేజీ తిప్పారు.

గోడ ఆగింది గాని మాటలు మాత్రం మొదలవలేదు. అన్నదమ్ములు వీధిలో ఎదురైతే చెరో పక్కకు చూసుకుంటూ పోయేవారు.

ఆ మే నెలలో పెద్దత్తగారికి కడుపునొప్పి వచ్చి బెజవాడ ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ చేశారు. ఆ జబ్బుతో ఆవిడ పోలేదు, తరవాత నాలుగేళ్లు బతికి, పెరట్లో మళ్లీ ఎన్ని మట్టిగడ్డలు చిదిపారో. కానీ ఆ వారం మాత్రం దక్కుతారని డాక్టర్లు కూడా గట్టిగా చెప్పలేదు. మా అత్తగారు అక్కడే ఉండిపోయారు. ఇంటి పని నా మీద పడింది. చంటిపిల్లాడితో బావిలో నీళ్లు తోడి, హద్దు మీది పాదుకు మోసి పోయడం నావల్ల కాలేదు. రోహిణి ఎండలు. రెండో రోజుకే దొండ ఆకులు వేలాడిపోయాయి. దాన్ని ఎండనిస్తే, సొర కాపయ్యాక ఇంక అడ్డు చెప్పడానికి హద్దు మీద ఏమీ మిగలదు.

మూడో రోజు పొద్దున గిలక చప్పుడుకు నేను లేచి చూశాను. మా మామగారు నీళ్లు తోడుతున్నారు. తోడిన బిందె మోసుకెళ్లి హద్దురాయి పక్కన పెట్టి, వెనక్కి వచ్చి ఇంకొకటి తోడుతున్నారు. అవతలి వైపు నుంచి పెద్దమామగారు వచ్చి, బిందె ఎత్తి పాదుకు పోసి, ఖాళీ బిందె మళ్లీ అదే రాయి పక్కన పెట్టారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నాలుగు బిందెలు పోశాక పెద్దమామగారు "చాలు" అన్నారు. మూడేళ్లలో మొదటి మాట. మా మామగారు చేద గట్టు మీద పెట్టి, "ఇంకోటి పొయ్యి అన్నయ్యా, ఎండలు చూశావా" అన్నారు.

అదే రోజు మొదటి బస్సుకు నేను పిల్లాణ్ణి ఎత్తుకుని, క్యారియరు పట్టుకుని బెజవాడ వెళ్లాను. ఆవిడ కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు. బొటనవేలి గోరు ఆసుపత్రి వాళ్లు కత్తిరించేశారు. మంచం పక్కన కూర్చోగానే కళ్లు తెరిచారు. ఎలా ఉందని నేను అడిగేలోపే,

"దొండకి నీళ్లు పోశావా?" అన్నారు.

"పోశారండీ."

"పోశారా? ఎవరు?"

"మా మామగారు తోడారు. పెద్దమామగారు పోశారు. మాట్లాడుకున్నారు కూడా."

ఆవిడ కంటి కొసనుంచి తడి చెవి వైపు జారింది. నేను తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మీ పెద్దమామకి తెలీదు, మొదట్లోనే పోసేస్తాడు. వేరు కుళ్లుద్ది. చుట్టూ పొయ్యమని చెప్పు" అన్నారు.